విమాన నమూనాల పోటీ: జడ్జీలు ముందు చూసేది అతుకులే

ప్లాస్టిక్ కిట్ ముక్కలు అతికించి, రంగు వేసి చేసే బుల్లి విమానాలకూ పోటీలున్నాయి. ఇందులో పేరున్నది ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ. 1963లో బ్రిటన్‌లో పుట్టింది, మరుసటి ఏడాదే అమెరికా శాఖ వచ్చింది.

విమానాలను సాధారణంగా 1/72, 1/48, 1/32 స్కేళ్ల వారీగా వేరుచేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లే, అరచేతిలో ఇమిడిపోతుంది.

అరుదైన విమానం, ఖరీదైన కిట్ ఉంటే బహుమతి వచ్చేసినట్టేనని కొత్తవాళ్లు అనుకుంటారు. అమెరికా శాఖ పోటీల్లో మాత్రం ముందు చూసేది పనితనం. విమానం ఒంటి మీద అతుకు గీత కనిపిస్తోందా? రెండు రెక్కలూ ఒకే కోణంలో ఉన్నాయా? కాక్‌పిట్ అద్దం మీద జిగురు మరక పడిందా? డెకాల్ కింద గాలి చేరి తెల్లగా మెరుస్తోందా? నెలల కష్టం ఇక్కడే పోతుంది. అతుకుకు పుట్టీ పెట్టి, సాండ్‌పేపర్‌తో రుద్ది, ఒక పూత రంగు వేసి మళ్లీ చూసుకోవాలి. రంగు పడ్డాకే గీత బయటపడుతుంది మరి.

చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు 'అవుట్ ఆఫ్ ద బాక్స్' విభాగం నయం. బయట కొన్న అదనపు భాగాలు అక్కడ కుదరవు. కిట్‌లోని సూచనల కాగితాన్ని మాత్రం పారేయొద్దు, మోడల్‌తో పాటు అదీ చూపించాలి.