పేరు లేని గోతులు – ఇరాక్ మనకు నేర్పే పాఠం



మన పేటలో ఎవరి ఇంట మయ్యత్ అయినా, ఆ ఇంటివారితో మాటలు లేకపోయినా సరే, పదిమందిమి పోతాము. గుసుల్ ఇస్తాము, కఫన్ చుడతాము, జనాజా నమాజు చదివి, ఖబరస్తాన్‌లో మూడు గుప్పిళ్ళ మట్టి వేసి వస్తాము. కొందరు చేస్తే ఊరందరి తరఫున చేసినట్లే, ఎవరూ చేయకపోతే పాపం ఊరందరిదీ. ఇది మనకు చిన్ననాటి నుంచీ తెలిసిన ఫర్జ్. ఈ కడపటి మర్యాద కూడా దక్కకుండా వేలకు వేలమంది మట్టిలో కలిసిపోయిన దేశం ఇరాక్. బాగ్దాద్, కర్బలా, నజఫ్ అని మనం భక్తితో తలచుకునే ఊళ్ళున్న దేశమే అది.

అక్కడ 1968లో బాత్ పార్టీ గద్దెనెక్కింది. 1979 జూలైలో సద్దాం హుసేన్ అధ్యక్షుడయ్యాడు. 2003 ఏప్రిల్ 9న ఆ ప్రభుత్వం కూలిపోయింది. బాగ్దాద్ చౌరస్తాలో విగ్రహాన్ని పడగొట్టడం మనమంతా టీవీలో చూసినవాళ్ళమే. ఆ తరువాత నెలలో జనం నేల తవ్వడం మొదలుపెట్టిన సంగతి మాత్రం మనలో చాలామంది పట్టించుకోలేదు.

ఆ నేలలో ఎవరున్నారు? 1983లో బర్జానీ తెగకు చెందిన కుర్దులలో మగవాళ్ళను, మగపిల్లలను సుమారు 8,000 మందిని పట్టుకుపోయారు. 1988 మార్చి 16న హలబ్జా పట్టణం మీద విషవాయువు వదిలితే సుమారు 5,000 మంది చనిపోయారు. అదే సంవత్సరం ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా కుర్దుల పల్లెలను ఒక్కొక్కటిగా నేలమట్టం చేశారు. అందులో చనిపోయినవారు 50,000 నుంచి లక్ష దాకా ఉంటారని మానవ హక్కుల పరిశోధకుల అంచనా. కుర్దులు చెప్పే లెక్క 1,82,000. ఈ మారణకాండకు పాలకులు పెట్టిన పేరు ‘అన్ఫాల్’. అది ఖురాన్‌లో ఎనిమిదవ సూరా పేరు! కలిమా చదివే పల్లెజనాన్ని చంపడానికి ఖురాన్ నుంచే పేరు తీసుకున్నారంటే ఏమనాలి?

ఇక 1991లో, కువైట్ యుద్ధం ఓడిపోగానే, దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. దక్షిణంలో తిరుగుబాటును అణచేటప్పుడు పోరాడినవాడు, దారిన పోయేవాడు అన్న తేడా లేకుండా పట్టుకుని బస్సులలో ఎక్కించారు. హిల్లా పట్టణం దగ్గర మహావీల్ అనే చోట కాల్చి, గోతులలో పూడ్చారు. చుట్టుపట్ల రైతులకు ఆ సంగతి తెలుసు. పన్నెండేళ్ళు నోరు మెదపలేదు. మెదిపితే వాళ్ళూ అదే గోతిలోకి పోయేవాళ్ళు.

2003 మే నెలలో ఆ మహావీల్ పొలానికి జనం తండోపతండాలుగా వచ్చారు. ఆగమంటే ఎవరాగుతారు? తల్లులు, భార్యలు, అన్నదమ్ములు పారలతో, ఒట్టి చేతులతో తవ్వారు. మట్టి తోడే పెద్ద యంత్రాన్ని కూడా దింపారు. రెండువేలకు పైగా కళేబరాలు బయటపడ్డాయి. జేబులో గుర్తింపు కార్డు మిగిలి ఉన్నవాడు ఇంటికి చేరాడు. చొక్కా రంగును బట్టి, చేతి గడియారాన్ని బట్టి కొందరిని పోల్చుకున్నారు. కాని యంత్రం పన్ను తగిలి ఒకరి ఎముకలు ఇంకొకరి ఎముకలలో కలిసిపోయినాయి. వెయ్యిమందికి పైగా ఎవరో తెలియకుండానే తిరిగి మట్టిలోకి వెళ్ళారు. ఇందుకు ఆ తల్లులను తప్పుపట్టలేము. పన్నెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళు వాళ్ళు. అయితే ప్రేమతో చేసిన తొందర వల్లనే ఎందరి పేర్లో శాశ్వతంగా పోయినాయన్నది కూడా నిజమే.

నిదానంగా తవ్వితే ఏమవుతుందో 2004లో హత్రా దగ్గర తేలింది. అమెరికా వారు పంపిన నిపుణులు అక్కడ చిన్న పనిముట్లతో, కుంచెలతో పొరలు పొరలుగా మట్టి తీశారు. కటి ఎముకను బట్టి ఆడా మగా అన్నది, పళ్ళను బట్టి వయసు, తూటాను బట్టి చావు తీరు తెలుస్తాయి. ఒక గోతిలో అందరూ స్త్రీలు, పిల్లలే. ఆడవాళ్ళు బట్టల మీద బట్టలు తొడుక్కుని, వంటగిన్నెలు వెంట తెచ్చుకున్నారు. అంటే, తమను ఇంకో చోట కాపురం పెట్టిస్తారనే నమ్మి బయలుదేరారన్న మాట! 2006లో అన్ఫాల్ కేసు విచారణకు వచ్చినప్పుడు ఈ తవ్వకాల సాక్ష్యం కోర్టుకెక్కింది. 2007 జూన్‌లో అలీ హసన్ అల్ మజీద్‌కు మరణశిక్ష పడింది. సద్దాంను అప్పటికే, 2006 డిసెంబరు 30న, దుజైల్ గ్రామంలో 148 మందిని చంపించిన కేసులో ఉరితీశారు.

సామూహిక సమాధులను ఎవరు పడితే వారు తవ్వకూడదని ఇరాక్ 2006లో చట్టం చేసుకుంది. నేడు ఎముకలోని డి.ఎన్.ఎ.ను బంధువుల రక్తంతో పోల్చి పేరు తేలుస్తున్నారు. 2019లో సమావా ఎడారిలో కుర్దుల గోతిని తెరిచినప్పుడు, తానూ కుర్దు అయిన అధ్యక్షుడు బర్హం సాలిహ్ స్వయంగా వెళ్ళి నిలబడ్డారు. 2024 డిసెంబరులో ఆ ప్రాంతంలోనే ఇంకొక గోతిని తవ్వారు. అందులోనూ స్త్రీలు, పిల్లలే. పని ఇంకా ముగియలేదు.

ఆ ఎడారిలోనే 1988లో తూటా తగిలిన పన్నెండేళ్ళ కుర్దు బాలుడొకడు గోతిలోంచి పాక్కుంటూ బయటపడ్డాడు. ఒక అరబ్బు కుటుంబం వాడిని దాచి, సాకి, కాపాడింది. తెలిస్తే తమ ప్రాణాలు పోతాయని వాళ్ళకు తెలియదా? తెలిసే చేశారు. జాలింకు జాతి అంటగట్టి అరబ్బులంతా ఇంతే అనుకునేవారికి ఇదే జవాబు.

ఇక మన సంగతి. 1991 యుద్ధంనాడు మనలో చాలామందిమి సద్దాంను వీరుడన్నాము. అంతకుముందే, 1990 ఆగస్టులో ఆయన కువైట్‌ను ఆక్రమించినప్పుడు, అక్కడ పనిచేసే మన కడప జిల్లా వాళ్ళు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. అయినా మన కళ్ళు తెరుచుకోలేదు. 2003లో అమెరికా చెప్పిన ఆయుధాలు దొరకలేదు, ఆ యుద్ధం అన్యాయమే, ఒప్పుకుంటాము. కాని గోతులు దొరికాయి. ఒకరి అన్యాయం చూపించి ఇంకొకరి అన్యాయాన్ని కప్పిపెట్టడం ఇన్సాఫ్ కాదు. చంపినవాడి పేరు మన పేరులా ఉన్నదని మనం మౌనంగా ఉంటే, చచ్చిన మజ్లూంల పేర్లు కూడా మన పేర్లేనని మరిచిపోయినట్లే.

ఇందులో మన సంఘం నేర్చుకోవలసిన చిన్న పని ఒకటి ఉన్నది. ఎవరూ లేని మయ్యత్‌లను మనం మట్టి చేస్తూనే ఉంటాము. ఇకముందు ప్రతి ఒక్కరికీ రిజిస్టరులో ఒక పుట కేటాయిద్దాం. దొరికిన చోటు, తేదీ, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చలు, ఖబర్ నెంబరు వ్రాసి, ఒక ఫోటో అంటించి పెడదాం. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఒక తల్లి వెతుక్కుంటూ వస్తే, ఇదిగో అమ్మా, నీ బిడ్డ ఇక్కడ ఉన్నాడు అని చూపగలగాలి.

ఇరాక్ గోతులలో ఇంకా పేరు తేలనివారి కోసం, వారి రాకకై గుమ్మం వైపు చూస్తున్న ఇళ్ళవారి కోసం మనమంతా దువా చేద్దాం. ఆమీన్.