గోదావరి డెల్టాలో దూరపు వైఫై లింకులు

ఒక ఊరి టవర్ మీది డిష్ మరో ఊరి టవర్ మీది డిష్‌కేసి గురి పెట్టుకుని, మధ్యలో తీగ లేకుండా డేటా అందించే ఏర్పాటు పాయింట్-టు-పాయింట్ రేడియో లింకు. వీటి విషయంలో పెట్టె మీద అచ్చేసిన వేగం వేరు, చేతికందే వేగం వేరు. 802.11బి రకం వైఫై పెట్టె మీద 11 ఎంబీపీఎస్ అని ఉంటుంది. అన్నీ కుదిరినా దక్కేది అందులో సగమే.

2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం ప్రకటించాక ఇళ్లలో వాడే చవక వైఫైనే ఊళ్లు కలపడానికి వాడటం సులువైంది. కోనసీమలోని రాజోలుకు ఎదురుగా, గోదావరి పాయ వశిష్ఠకు అవతల పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో అదే చేసింది. పల్లెలకు వీడియో పాఠాలు, వైద్య సలహాలు అందించడం దాని ఉద్దేశం. కొన్ని లింకుల పొడవు 20 కి.మీ. దాకా ఉండేది.

చిక్కు దూరంతోనే. ప్యాకెట్టు అందగానే అవతలి పెట్టె రసీదు పంపాలి. 20 కి.మీ. వెళ్లి రావడానికి రేడియో తరంగానికి సుమారు 133 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంటి కోసం చేసిన వైఫై అంతసేపు ఆగదు. పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. అందిన సరుకునే మళ్లీ మళ్లీ మోస్తుంటే వేగం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఒకే టవర్ మీద రెండు డిష్‌లుంటే, ఒకటి పంపుతుండగా రెండోది వినలేదు. పరిశోధకులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రకటించిన '2పి' పద్ధతి దీనికి విరుగుడు: టవర్ మీది రేడియోలన్నీ ఒకేసారి పంపాలి, ఒకేసారి వినాలి. 2007లో బర్క్‌లీ పరిశోధకులు 'వైల్డ్‌నెట్' అనే పద్ధతితో మామూలు వైఫై కంటే రెండు నుంచి ఐదు రెట్ల వేగం సాధించారు.

డెల్టాలో అందరూ వానను తిట్టుకుంటారు గానీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో వాన చేసే నష్టం స్వల్పం. అసలు అడ్డు కొబ్బరిచెట్టు. 20 కి.మీ. లింకుకు నట్టనడుమ భూమి వంపే దాదాపు 6 మీటర్లు. ఆపైన తరంగం ఒళ్లు విరుచుకోవడానికి మరో 15 మీటర్ల ఖాళీ కావాలి. మధ్యలో 20 మీటర్ల కొబ్బరితోట ఉంటే రెండు చివరలా 41 మీటర్ల ఎత్తు తప్పదు. కోనసీమలో తోట లేని దారి వెతకడం కంటే టవర్ పెంచడమే తేలిక. నీళ్లు నిలిచిన వరిచేలు, గోదావరి పాయలు అద్దాల్లా తరంగాన్ని పైకి కొట్టి, నేరుగా వచ్చేదానితో గొడవ పెట్టడం ఇంకో తలనొప్పి.

వశిష్ఠకు ఇవతలి ఒడ్డున, సఖినేటిపల్లి మండలం మోరిలో 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి ఇళ్లకు నెట్ ఇచ్చింది; నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్. 802.11బి పెట్టె మీద రాసుకున్న అంకె కంటే అది ఎక్కువ. తీగ వెళ్లని చోట్లకు కాంతిపుంజంతో డేటా పంపే 2,000 లింకులు పెడతామని గూగుల్ సోదర సంస్థ 'ఎక్స్' 2017 డిసెంబరులో ప్రకటించింది. కాంతికి పెద్ద శత్రువు పొగమంచు. రేడియో దాన్ని లెక్కచేయదు.

2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండునూ ఆరుబయట వాడకానికి విస్తారంగా తెరిచారు. 5.8 దగ్గర 15 మీటర్ల ఖాళీ బదులు 10 లోపే చాలు, కాబట్టి టవర్ అయిదు మీటర్లు తగ్గించుకోవచ్చు. తడిసిన ఆకు అడ్డొస్తే మాత్రం ఈ బ్యాండులో దెబ్బ ఎక్కువ. డిష్ బిగించిన రోజున మొవ్వు కిందుగా ఉన్న చెట్టు నాలుగైదేళ్లలో దారిలోకి వచ్చేస్తుంది.