లెక్కకెక్కని రోగులు

ఒక దేశములో ఒక సంవత్సరమున కలుషితాహారము వలన ఎందరు జబ్బుపడిరి? ఆరోగ్యశాఖ రిజిస్టరు తెరచి చూచిన సమాధానము దొరకుననిపించును. కాని రిజిస్టరునకు చేరిన రోగులు అసలు రోగులలో స్వల్పభాగము మాత్రమే. చేరనివారిని లెక్కించు పద్ధతిని శాస్త్రజ్ఞులు క్రమక్రమముగా నేర్చుకొనిరి.

1888 లో జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్ పట్టణమున జబ్బుతో ఉన్న ఆవు మాంసమును తిని పలువురు అస్వస్థులైరి. ఆగస్ట్ గేర్ట్నర్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసమునందును, మరణించిన రోగి శరీరమునందును ఒకే బాక్టీరియాను కనుగొనెను. నేడు సాల్మొనెల్లా అని పిలువబడు వర్గములోనిదే అది. నాటినుండి ఇట్టి రోగములను ప్రయోగశాలలో నిర్ధారించుట సాధ్యమైనది. అయితే నిర్ధారణ అయిన కేసులే రిజిస్టరుకెక్కినచో, పరీక్ష జరుగని రోగి లేనట్లే లెక్క.

రోగి రిజిస్టరునకు చేరవలెనన్న కొన్ని మెట్లెక్కవలెను. మొదట అతడు వైద్యుని వద్దకు పోవలెను. వైద్యుడు మలపరీక్ష చేయింపవలెను. ప్రయోగశాలలో ఆ బాక్టీరియా కనిపింపవలెను. ఉదాహరణకు, 1000 మందికి విరేచనములు పట్టుకొన్నవనుకొందము. అయిదుగురిలో ఒకరు వైద్యుని చూచినచో 200 మంది. వారిలో నాలుగవ వంతునకు పరీక్ష జరిగినచో 50 మంది. పరీక్ష అయిదింట నాలుగుసార్లు ఫలించినచో 40 మంది మాత్రమే మిగులుదురు. కావున ఒక్కొక్క నమోదు వెనుక 25 మంది రోగులున్నారన్నమాట. ఈ 25 నే గుణకమందురు.

నిజజీవితములో ఈ తేడా ఎంత ఉండునో 1985 లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున తెలియవచ్చెను. ఒక డెయిరీ నుండి వచ్చిన పాల ద్వారా సాల్మొనెల్లా వ్యాపించెను. ప్రయోగశాలలు నిర్ధారించిన కేసులు 16,000 పైచిలుకు. కాని ప్రజలను ప్రశ్నించి చేసిన రెండు సర్వేలలో ఒకటి 1,68,791 మంది అనియు, రెండవది 1,97,581 మంది అనియు అంచనా వేసినవి. అనగా నిర్ధారణ అయినది పదింట ఒకటికంటె తక్కువ.

ఇంగ్లండులో పరిశోధకులు మరియొక మార్గము త్రొక్కిరి. 1990 దశకములో దాదాపు 9,800 మందిని ఎన్నుకొని, వారము వారము పోస్టుకార్డుల ద్వారా వారి ఆరోగ్యము తెలిసికొనిరి. 1999 లో ఫలితములు వెలువడినవి. ఏటా అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక విధమైన ప్రేగుల అంటువ్యాధి వచ్చుచుండెను. వారిలో ఆరింట ఒకవంతు మాత్రమే వైద్యుని చూచిరి. ఏ మార్గమున సోకినవైనను అన్నియు కలిపి చూడగా, జాతీయ లెక్కకెక్కిన ఒక్క కేసునకు సమాజములో 136 కేసులుండెను. సాల్మొనెల్లా విషయములో మాత్రము ఈ నిష్పత్తి సుమారు 3 మాత్రమే. బాధ తీవ్రమైనపుడు రోగి వైద్యుని వద్దకు పరుగెత్తును గదా! కావున ఒక్కొక్క రోగమునకు, ఒక్కొక్క దేశమునకు గుణకము వేరుగా కట్టవలెను.

అమెరికాలో 1999 నాటి అంచనా ప్రకారము సాల్మొనెల్లా గుణకము 38. ఆహారజన్య రోగులు మొత్తము ఏటా 7 కోట్ల 60 లక్షలు. 2011 లో గుణకము 29 కి, మొత్తము 4 కోట్ల 80 లక్షలకు దిగినవి. ఇది రోగము తగ్గుటకు నిదర్శనము కాదు. కొలుచు పద్ధతియు, సమాచారమును మెరుగుపడినవి.

2015 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 31 రోగకారకములను పరిశీలించి, 2010 సంవత్సరమున 60 కోట్లమంది జబ్బుపడిరనియు, 4,20,000 మంది మరణించిరనియు అంచనా వేసెను. మృతులలో 1,25,000 మంది అయిదేండ్లలోపు శిశువులు. భారతదేశము చేరియున్న ఆగ్నేయాసియా ప్రాంతమున మృతులు 1,75,000.

ప్రయోగశాలలు కొరవడిన చోట రిజిస్టరులో రోగులు తక్కువగా కనిపింతురు. ఆ అంకెను నమ్మి పరిశుభ్రమైన నీటికి, ఆహార తనిఖీకి ధనము తగ్గించినచో నష్టపోవునది లెక్కకెక్కని ఆ పసివారే.