డ్రిల్లు మనది, బిట్టు పరాయిది

గోడకి మేకు దిగక మావారు డ్రిల్లు మిషను కొనుక్కొచ్చారంటే, దానితో వచ్చిన గ్యారంటీ కాగితాన్ని చదివేదెవరు చెప్పండి? కొన్నిటిలో చిన్న అక్షరాల్లో వుంటుంది, 'మా కంపెనీ సామానే వాడవలెను, లేనిచో గ్యారంటీ చెల్లదు' అని. కొత్త కోడలికి పెట్టిన ఆంక్షలా లేదూ!

నిజానికి ఆ మిషను నిర్మాణంలోనే ఈ ఆంక్షకి చోటు లేదు. బిట్టుని కరిచిపట్టుకునే మూడు దవడల చక్‌కి 1902లో అమెరికాలో ఆర్థర్ జేకబ్స్ పేటెంటు తీసుకున్నాడు. సైజు సరిపోతే చాలు, ఎవరు చేసిన బిట్టయినా అది పట్టుకుంటుంది. ఊరూ పేరూ అడగదు. పిస్తోలులా పట్టుకుని మీట నొక్కే డ్రిల్లుకి 1917లో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ పేటెంటు పొందింది.

అడగడం మొదలెట్టింది కంపెనీలే. ఐ.బి.ఎం. వారు తమ లెక్కల మిషన్లను అద్దెకిస్తూ, వాటిలో తమ కార్డులే వాడాలన్నారు. నాసి కార్డులు పడితే మిషను లెక్క తప్పుతుందని వాదన. 1936లో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. కార్డు ఎలా వుండాలో చెప్పండి, మా దగ్గరే కొనమనకండి అన్నది తీర్పు సారాంశం.

అది గుత్తాధిపత్యం తగాదా. ఇంటి కొనుగోలుదారు సంగతి పట్టించుకున్నది మాగ్నసన్-మాస్ చట్టం. 1975 జనవరి 4న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేశాడు. ఫలానా బ్రాండు సామాను ఉచితంగా ఇస్తే తప్ప, లేదా ప్రభుత్వ కమిషను ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, అదే వాడాలని గ్యారంటీకి ముడిపెట్టకూడదు. మరి పరాయి బిట్టు వల్లే మోటారు కాలిపోతే? ఆ నష్టానికి కంపెనీ బాధ్యత తప్పించుకోవచ్చు. కాని బిట్టే కారణమని నిరూపించాల్సింది మనం కాదు, వాళ్ళు! నాకు ఈ చట్టంలో నచ్చిందల్లా ఇదే. అయినా కంపెనీల పాత అలవాటు పోయిందనుకున్నారా? 2018లో ఆ కమిషను మళ్ళీ ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాయాల్సొచ్చింది.

మన దేశంలో ఇలాంటి మాట కార్ల విషయంలో వచ్చింది. బయటి మెకానిక్ చేత బాగుచేయిస్తే మొత్తం వారంటీ రద్దనకూడదు, ఆ పనివల్ల చెడినంత మేరకే కాదనవచ్చునని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి చెప్పింది.

ఇప్పుడు తగువు బ్యాటరీకి చేరింది. వైరు లేని డ్రిల్లుల్లో చాలావాటికి బ్యాటరీ అమరిక కంపెనీకొక తీరుగా వుంటుంది. ముందువైపు చక్ ఎవరినైనా రానిస్తుంది, వెనకవైపు గూడు ఇంటిపేరు అడుగుతుంది.