ఆ కాగితం మీద వేలిముద్ర పడలేదు

2022 చలికాలం. జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన ఒక రేకుల ఇల్లు. మంచం మీద నలభై దాటిన మనిషి. కుడి చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తోంది. పక్షవాతం వచ్చి మూడు వారాలు. ఎదురుగా కుర్చీలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు.

"రాజీనామా కాయితం చెల్లె. వేలిముద్ర చాలు. పీఎఫ్ పైసలన్నీ ఒక్కపారే చేతికొస్తయ్. పండుకున్నోనికి కంపెనీ ఎన్నొద్దులని జీతమిస్తది?"

రోగి భార్యకు ఆ మాట న్యాయంగానే తోచింది. ప్రైవేటు ఆస్పత్రికి కట్టిన 50 వేలు ఐదు రూపాయల మిత్తికి తెచ్చినవి. నెల తిరిగితే మిత్తే 2,500. కిరాయి, పిల్లల ఫీజులు వేరే. అయినా ఎందుకో మనసొప్పలేదు.

"మా మరిదితోని ఒక మాట అడిగి చెప్తనన్నా" అంది.

మరిది ఆమెను పక్క బస్తీలోని యూనియన్ పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన రాజీనామా కాగితం వంక చూడలేదు, జీతం చీటీ అడిగాడు. 15 వేల జీతంలో 113 రూపాయల కోత మీద వేలు పెట్టాడు.

"ఇది ఇఎస్ఐ బిడ్డా. ఏండ్ల సంది మీ ఆయన పైసలు కోస్తున్నరు. గియ్యాల్టి కోసమే!"

చాలా ఇళ్లలో ఇఎస్ఐ అంటే మందుల క్యూ మాత్రమే. జబ్బుపడి పనికి పోలేని రోజులకు డబ్బు కూడా ఇస్తుందని తెలిసినవాళ్లు తక్కువ. సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. ఆపైన క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం చొప్పున, వైద్యులు అవసరమంటే రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ఇందుకు రెండేళ్ల ఉద్యోగం, అందులో కనీసం 156 రోజుల చందా ఉండాలి. ఈయనకు రెండూ ఉన్నాయి. రోజుకు 500 పడే మనిషికి మొదట 350, తర్వాత 400. నెలకు 12 వేలంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరదు.

మర్నాడే ఆమె ఆస్పత్రి కాగితాలన్నీ డిస్పెన్సరీ డాక్టరు ముందు పెట్టింది. అప్పటి నుంచి ఒక్క సర్టిఫికెట్ కూడా తప్పనివ్వలేదు. ఒకటి ముగిసేలోపే ఇంకొకటి రాయించుకుని ఇఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇచ్చేది. ఆ కుటుంబాన్ని నిలబెట్టింది ఈ పట్టుదలేనని నా నమ్మకం.

మరి అప్పు? పీఎఫ్ డబ్బు కోసం ఉద్యోగం వదులుకోనక్కరలేదు. అప్పటి నిబంధనల ప్రకారం రాజీనామా చేసినా మొత్తం చేతికి రావడానికి రెండు నెలలు ఆగాల్సి వచ్చేది. పక్షవాతం లాంటి జబ్బుకైతే ఉద్యోగంలో ఉండగానే అడ్వాన్సు అడగవచ్చు. అప్పట్లో ఆరు నెలల మూలవేతనం, డీఏ కలిపిన మొత్తం లేదా వడ్డీతో సహా ఉద్యోగి వాటా, ఏది తక్కువైతే అది ఇచ్చేవారు. తిరిగి కట్టే పని లేదు. ఆ డబ్బుతో ఆమె ముందుగా మిత్తి అప్పు తీర్చేసింది. తాకట్టు బంగారం ముందు విడిపించమన్న చుట్టాల మాట వినలేదు.

సూపర్‌వైజరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె నిలబడే మాట్లాడింది.

"జబ్బు పైసలు ఇఎస్ఐ ఇస్తున్నదన్నా. అవి తీసుకుంటున్నోన్ని పనిలకెల్లి తీసెయ్యొద్దని చట్టంల ఉన్నదట."

ఉంది. అప్పటి ఇఎస్ఐ చట్టం 73వ సెక్షన్ అదే చెప్పేది. అయితే ఆ రక్షణ యజమాని తీసేయకుండా అడ్డుపడేదే. తనంతట తానే మానుకుంటున్నానని రాసిచ్చినవాడికి అది అక్కరకు రాదు. అందుకే ఆ వేలిముద్ర కోసం అంత ఒత్తిడి.

ఏడాది గడిచాక ఆయన చేతికర్రతో నడిచాడు. కుడి చెయ్యి పూర్తిగా తిరిగి రాలేదు. సదరం శిబిరంలో 40 శాతానికి పైగా వైకల్యం తేలింది. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. ఆమె దానికీ దరఖాస్తు పెట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలోనో దుకాణంలోనో పనిచేస్తుంటే ఈ రాత్రే జీతం చీటీ తీసి చూడండి. ఇఎస్ఐ, పీఎఫ్ నంబర్లు ఇంట్లో అందరికీ తెలిసేచోట రాసి పెట్టండి. జబ్బుపడిన మనిషి దగ్గరకు ఎవరు ఏ కాగితం తెచ్చినా, బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోనిదే సంతకం పెట్టనివ్వకండి.