పద్మినికి జీర్ణోద్ధరణ

ఇనుముకు పట్టే మకిలికి మన భాషలో పేర్ల కొదవ లేదు. వాడుకలో తుప్పు; నిఘంటువుల్లో దాని పాత రూపం త్రుప్పు. చిలుము అన్నది రాగి, ఇత్తడి పాత్రలకూ ఇనుముకూ ఉమ్మడి మాట. కొలిమిలో ఇనుము నుండి విడివడే మలినం చిట్టెం, సంస్కృతంలో కిట్టం. వైద్యులు ఆ కిట్టాన్నే మండూరమని పిలిచి పాండురోగానికి మందుగా వాడారు. నూరేళ్లు నేలలో పడి ఉన్నది ఉత్తమం, ఎనభై ఏళ్లది మధ్యమం, అరవై ఏళ్లది అధమం అని దానికొక లెక్క కూడా ఉంది. పాతబడిన కొద్దీ విలువ పెరిగే ఇనుప మలినం అదొక్కటే కాబోలు. కారు రేకుకు పట్టే తుప్పుకు అంతటి యోగం లేదు. దానికి నూరేళ్లు అక్కరలేదు, పది వానాకాలాలు చాలును.

ఈ వ్యాసం ఆ రేకును గురించి. మన దేశంలో ఒకనాటి చిన్నకారును ఇంటి ఆవరణలో పెట్టుకొని, తుప్పు తొలగించి, మళ్లీ నిలబెట్టడం ఇప్పుడు కొందరికి వేడుక. ఒకప్పుడు అది వేడుక కాదు, గత్యంతరం లేని పని. అలా ఎందుకయిందో తెలియాలంటే కొంత వెనక్కు వెళ్లాలి.

మన గడ్డపై కార్ల కర్మాగారం ఉండాలని 1930లలోనే పట్టుబట్టి తిరిగినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టింది మైసూరు సీమలోనైనా ఇంటిపేరు మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం గ్రామానిది. 1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదును కాపాడే జలాశయాలకు రూపకల్పన చేసినవాడూ ఆయనే. బొంబాయిలో మోటారు పరిశ్రమ కోసం ఆయన వేసిన పథకం ఆంగ్ల ప్రభుత్వపు ఉదాసీనత వల్ల ముందుకు సాగలేదు. ఆ కలను చేపట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించాడు. బొంబాయి శివారు కుర్లాలో దాని కర్మాగారం వెలిసింది. అంతకు రెండేళ్ల ముందే బిర్లాలు హిందుస్థాన్ మోటార్సును ప్రారంభించారు. 1953లో సుంకాల సంఘం నివేదిక ననుసరించి, విడిభాగాలను దేశంలోనే తయారు చేసే ప్రణాళిక ఉన్నవారికి మాత్రమే ఇక్కడ చోటని ప్రభుత్వం నిర్ణయించింది. పెట్టెల్లో భాగాలు తెప్పించుకొని బిగించి అమ్ముతున్న ఫోర్డు, జనరల్ మోటార్సు ఆ మరుసటి ఏడే మూట గట్టుకున్నాయి. మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కించదగినవాళ్లు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో ఒకరు, బొంబాయిలో ఒకరు, మద్రాసులో ఒకరు.

బొంబాయివారు ఇటలీ దేశపు ఫియట్‌తో కలిసి 1954 నుండి చేసిన బండి ఫియట్ 1100. తొలినాటి ఆ బండికి ముందు తలుపులు మన ఇంటి తలుపులకు విరుద్ధంగా వెనుక అంచున బందులుండి ముందు నుండి తెరుచుకునేవి. 1964లో డిలైట్ అనే రకం వచ్చింది. ఫియట్ పేరు వదులుకోవలసి వచ్చాక 1970ల ఆరంభంలో అదే బండి ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. రాష్ట్రపతి రెండేళ్లు తిరగకముందే రాణిగా మారిందన్నమాట! చిత్తోడు రాణి పేరది. మా బోటి పండితులకు మాత్రం పద్మిని అనగానే పద్మినీ చిత్తినీ శంఖినీ హస్తినీ జాతులు గుర్తుకు వస్తాయి. ఆ లెక్కన ఉత్తర్‌పాడా అంబాసిడర్‌ను హస్తినీ జాతిగా గుర్తించడానికి నాకు అభ్యంతరం లేదు.

వరంగల్లులో ఫియట్లు ఎవరికి ఉండేవి? వైద్యులకు, పేరున్న వకీళ్లకు, ఆజంజాహీ మిల్లు అధికారులకు. 1959లో ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, కాకతీయ వైద్య కళాశాల రెండూ వెలిశాక ఆచార్యుల ఇళ్ల ముందు కూడా కనిపించసాగాయి. మా బోటి ఉపాధ్యాయులకు సైకిలే ఐరావతం. కారు కొనదలచినవాడు ముందుగా రుసుము కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండేవాడు. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా దేశమంతటికీ కలిపి ఏటా యాభై వేల కార్లు కూడా తయారయ్యేవి కావు. అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న బండిని తుప్పు పట్టిందని ఎవరు పారవేస్తారు? ఇంజను అరిగితే బోరు చేయించారు; రేకు చిల్లిపడితే అతుకు వేయించారు. ముప్పై ఏళ్లు నడిచిన ఫియట్లు కర్మాగారపు గొప్పతనానికి ఎంత సాక్ష్యమో, పేరు లేని మిస్త్రీల చేతిపనికి అంతకు మించిన సాక్ష్యం.

ఇక్కడ ఒక నిర్మాణరహస్యం చెప్పాలి. పాతకాలపు కార్లకు కింద ఒక ఇనుప చట్రం, దానిపై వేరుగా బిగించిన తొడుగు ఉండేవి. మద్రాసు స్టాండర్డు సంస్థ 1961లో తెచ్చిన హెరాల్డు కారు ఆ తరహాదే. బోల్టులు విప్పితే పైభాగం విడిగా వచ్చేది. ఫియట్ 1100 అలాంటిది కాదు. 1953లో ఇటలీలో కొత్త రూపు దాల్చినప్పుడు దానికి చట్రం తీసివేశారు. ఒత్తి వంచిన రేకులనే ఒకదానికొకటి అతికి, ఆ దేహాన్నే చట్రంగా చేశారు. బండి తేలికైంది, ధర తగ్గింది. కాని చట్రమున్న బండికి తుప్పు చర్మవ్యాధి అయితే, చట్రం లేని బండికి అది ఎముకల క్షయ. ఇంజను ఎంత చక్కగా పలికినా, తలుపుల కింద ముందు చక్రం నుండి వెనుక చక్రం దాకా సాగే పెట్టె వంటి దూలం, మిస్త్రీలు రన్నింగు బోర్డు అనేది, లోపల పొడి అయిపోతే ఆ బండికి ఆయుష్షు తీరినట్టే.

హనుమకొండలో మా బావమరిది ఇంట్లో 1975లో రిజిస్టరైన పద్మిని ఒకటి ఉన్నది. మామగారు వాడిన బండి. చాలా ఏళ్లు వేపచెట్టు కింద నిలిచిపోయింది. పాత ఇనుము వ్యాపారులు గేటు దగ్గర ఆగి బేరమాడి పోయేవారు. 2024 చలికాలంలో దాన్ని బాగు చేయించాలని ఆయన సంకల్పించాడు. ఆటోనగర్‌లో పని నేర్చి, ఇప్పుడు సొంత దుకాణం మూసుకున్న వృద్ధ మిస్త్రీ ఒకరు ఇంటికే వచ్చి చేస్తానన్నారు. మేము పైపై రంగు చూసి ఫరవాలేదనుకుంటుండగా ఆయన గోనెసంచి పరచుకొని బండి కిందికి దూరారు. "సార్, పైన రంగు చూసుడు కాదు, కింద పండుకొని చూడాలె" అన్నారు. ఆ మాటలో సగం శాస్త్రం ఉంది.

తుప్పు బయటి నుండి లోపలికి పోదు, లోపలి నుండి బయటికి వస్తుంది. రంగు పొంగి బుడిపె కనబడేసరికి వెనుక రేకు సగం తిని ఉంటుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు పరిమాణం కొన్ని రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బే రంగును పైకి లేపుతుంది. నీరు, గాలి రెండూ నిలిచే చోట్లే దాని స్థావరాలు: తలుపుల అడుగు, చక్రాల గూళ్ల అంచులు, డిక్కీలో అదనపు చక్రం పెట్టే గుంట, అద్దం చుట్టూ రబ్బరు బీడింగు కింద, కాళ్లు పెట్టే చోట చాపల అడుగున. విశాఖపట్నంలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. మనకు సముద్రం లేదు కాని, చెట్టు నీడన రాలిన ఆకులు కుళ్లి నీరు పోయే సందులను మూసివేయడం అంతకు తక్కువ శత్రువు కాదు.

మిస్త్రీ చేతిలో మొదటి సాధనం సుత్తి కాదు, అయస్కాంతం. వెనుక మడ్‌గార్డు మీద ఒకచోట అది అంటుకోకుండా జారిపోయింది. అక్కడ రేకు లేదు, పాత మరమ్మతులో మెత్తిన లప్పం ఉంది. తరువాత స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూశారు. గట్టిగా ఉన్నచోట టంగుమంది, లేనిచోట దిగబడింది. సీట్లు, చాపలు తీశారు. బ్యాటరీ విప్పారు. పెట్రోలు ట్యాంకును పూర్తిగా దించి దూరంగా పెట్టించారు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమట, అందులో ఆవిరి నిలుస్తుంది గనుక. ఇంట్లో ఈ పని తలపెట్టేవారు ఈ ఒక్క సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ చాలదు, సరైన మాస్కు కావాలి.

ఆపైన తొందర పనికిరాదు. రన్నింగు బోర్డు కోయడానికి ముందు బండిని నాలుగు చోట్ల సమంగా దిమ్మెల మీద నిలిపి, తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించారు. అలా చేయకుండా కోస్తే బండి నడుము కుంగి, మళ్లీ తలుపులు మూతపడవు. తిన్న రేకును మెరిసే ఇనుము కనబడేదాకా కోసివేశారు. ఇరవై గేజీ రేకును, అంటే సుమారు మిల్లీమీటరు మందం ఉన్నదాన్ని, అట్టముక్క ఆనవాలుగా కత్తిరించి, కొయ్యదిమ్మె మీద సుత్తితో వంపు తేల్చారు. గ్యాసు వెల్డింగు మంట పలుచని రేకును అలలు అలలుగా వంచుతుంది. అందుచేత సీవోటూ వెల్డింగు యంత్రాన్ని అద్దెకు తెచ్చి, ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, నడుమ నడుమ నింపుకుంటూ వచ్చారు. పొద్దుటి నుండి సాయంత్రానికి మూరెడు అతుకు.

కోయనక్కరలేని చోట తుప్పును తీగ బ్రష్షుతో, ఉప్పుకాగితంతో వదిలించి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూశారు. అది మిగిలిన తుప్పును నల్లని గట్టి పొరగా మారుస్తుంది. ఢిల్లీ మెహ్రౌలీలోని గుప్తులనాటి ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా తుప్పుకు లొంగకపోవడానికి కారణం అందులోని భాస్వరమేననీ, అది లోహం మీద రక్షకపు పొర ఏర్పరచిందనీ కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం నిరూపించారు. ఆనాటి కమ్మరి కొలిమిలో ఇనుములోనే మిగిలిపోయిన గుణాన్ని ఈనాడు మనం డబ్బాలో కొని పైన పూసుకుంటున్నాము. దానిపైన రెడాక్సైడ్, ఆపైన రంగు. లప్పం మాత్రం గోరు మందానికి మించనివ్వలేదు మా మిస్త్రీ. చివరగా మూసుకుపోయిన నీటి రంధ్రాలన్నీ సన్నని తీగతో తెరిచి, దూలాల లోపలికి మైనం కలిసిన నూనెను గొట్టంతో చిమ్మారు. కర్మాగారంలో ఆ రోజుల్లో జస్తాపూత రేకు వాడేవారు కారు; అది కార్లకు విరివిగా రావడం 1980ల మాట.

ఈ విద్య బడిలో నేర్పినది కాదు. ఊరూరా తిరిగి బిందెలకు మాట్లు వేసినవారు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవారు, కొలిమి దగ్గర నాగటి కర్రు సాగగొట్టినవారు, ఆ చేతులే మోటారు వచ్చాక సొట్టలు తీయడానికి మళ్లాయని నా అభిప్రాయం. ఇప్పటి దుకాణాల్లో సొట్టపడిన తలుపును విప్పి కొత్త తలుపు బిగిస్తారు. బీమా సంస్థకూ అదే సులువు. సుత్తీ దిమ్మే పట్టి రేకుకు వంపు తేల్చగలవారు మన ఊళ్లో ఇంకెందరు మిగిలారో వేళ్లు మడిచి లెక్కించవచ్చు.

ఇంత చేసినా ఒక చిక్కు ఉన్నది. పాత వాహనాలను తుక్కుకు పంపే విధానం 2021లో వచ్చింది. 2022 ఏప్రిల్ నుండి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రుసుము 600 నుండి 5,000 రూపాయలయింది. బొంబాయిలో పద్మిని టాక్సీలలో చివరిది 2003లో రిజిస్టరై, ఇరవై ఏళ్ల గడువు తీరి, 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అయితే 2021లోనే కేంద్రం ప్రాచీన వాహనాలకు వేరే నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి యాభై ఏళ్లు నిండి, చట్రంలో గాని దేహపు గుల్లలో గాని ఇంజనులో గాని మార్పు చేయక, మూలరూపంలో నిలుపుకున్న బండికి ప్రత్యేక సంఖ్య ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యం వాడరాదు. మా బావమరిది పద్మినికి 2025లో యాభై నిండాయి. మరి అతుకులు వేసిన రన్నింగు బోర్డు మూలరూపమేనా?

నా మటుకు నేను మరమ్మతు వేరు, మార్పు వేరు అంటాను. శాసనాల్లో జీర్ణోద్ధరణ అనే మాట ఉంది. శిథిలమైనదాన్ని ఉన్నరూపంలోనే పైకెత్తడం దాని అర్థం. మా ఇంటికి కూతవేటు దూరంలోనే దానికి సాక్ష్యముంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపం కుంగిపోగా, పురావస్తు శాఖ 2006 ప్రాంతంలో దాన్ని రాయి రాయిగా విప్పింది. ఒక్కొక్క శిలకు సంఖ్య వేసి పేర్చింది, పునాది కొత్తగా వేసింది, పగిలిన చోట కొత్త రాయి చెక్కించింది. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, మండపం మళ్లీ తెరుచుకుంది. కొత్త రాళ్లున్నాయి గనుక అది రుద్రదేవుడి మండపం కాదని ఎవరూ అనలేదు. మారుతి సంస్థ కూడా తాను అమ్మిన మొట్టమొదటి 800 కారును, ఢిల్లీలో ఒక ఇంటి ముందు తుప్పుపట్టి ఉన్నదాన్ని, అసలు విడిభాగాలతో బాగు చేయించి 2022లో తన కార్యాలయంలో నిలుపుకుంది.

వేయిస్తంభాల గుడి పద్ధతినే మేమూ కొంత అనుసరిస్తున్నాము. కోసి తీసిన పాత రేకులను పారవేయలేదు. ఏ ముక్క ఎక్కడిదో సుద్దతో రాసి, ఫొటో తీసి, కొత్త రేకు మందంతో సహా ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాము. తనిఖీకి వచ్చే అధికారి అడిగితే చూపడానికి అది కావాలి. ఎడమవైపు పని ముగిసింది. తలుపు ఒక వేలితో తోస్తే మూతపడుతున్నది. కుడివైపు వానలు వెనుకబట్టాక మొదలుపెడదామన్నారు మిస్త్రీ. తడిగాలిలో గీకిన రేకు తెల్లవారేసరికి మళ్లీ ఎర్రబారుతుందట.