హ్యాండిల్ పోయె, సెల్ఫ్ వచ్చె

పాత అంబాసిడర్ డిక్కీలో జాకీ పక్కన వంకర తిరిగిన ఇనుప కడ్డీ ఒకటి పడి ఉండేది. సెల్ఫ్ తీసుకోని రోజున డ్రైవరు దాన్ని ముందు బంపరు దగ్గరి కన్నంలో దూర్చి, కాలు నిలదొక్కుకుని ఒక్క గుంజు గుంజేవాడు. పని తెలిసినవాడు బొటనవేలిని కడ్డీకి చుట్టేవాడు కాదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచేవాడు. కిందికి నొక్కేవాడు కాదు, పైకి లాగేవాడు. సిలిండర్‌లో మంట ఒక్క లిప్త ముందుగా అంటుకుందా, పిస్టన్ వెనక్కి తంతుంది, చేతిలోని హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. కార్లు వచ్చిన కొత్తల్లో ఇలా చేతులు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఎందరంటే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక చిట్లడాన్ని వైద్యులు ఇప్పటికీ ‘షోఫర్ ఫ్రాక్చర్’ అనే అంటారు.

ఈ చాకిరీ కరెంటుకు అప్పజెప్పాలన్న ఆలోచన తొందరగానే పుట్టింది. సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, ఖాళీ అయితే మళ్ళీ నింపుకోగల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లోనే చేశాడు. 1896లో ఇంగ్లండులో డౌసింగ్ అనే ఇంజనీరు ఆర్నాల్డ్ కారుకు ఎలక్ట్రిక్ మోటారు బిగించి చూశాడు. స్ప్రింగులతో, గాలి ఒత్తిడితో ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. ఏదీ నిలబడలేదు. ఇంజన్ని తిప్పగల మోటారు కావాలంటే అది కారు మోయలేనంత పెద్దది కావాలని అప్పటి లెక్క.

ఆ లెక్కను చెరిపేసినవాడు అమెరికాలోని డేటన్ ఊరి చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఆయన పనిచేసింది దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే యంత్రాలు చేసే కంపెనీలో. చేత్తో తిప్పే ఆ యంత్రానికి చిన్న మోటారు పెట్టినప్పుడే ఆయనకు విషయం తట్టింది: క్షణం పనిచేసి ఆగిపోయే మోటారుకు దాని శక్తికి మించిన బరువు పెట్టవచ్చు, వేడెక్కి మాడేలోపు ఆపేస్తే చాలు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థ పెట్టాడు. 1911 ఫిబ్రవరికి కాడిలాక్ కారు మీట నొక్కితే లేచింది. 1912 మోడల్ కాడిలాక్ కార్లన్నిటికీ అది వచ్చింది. ఫోర్డ్ మోడల్ టి మాత్రం 1919 దాకా హ్యాండిల్‌నే నమ్ముకుంది.

దీని వెనక ఒక విషాద కథ చెబుతారు. డెట్రాయిట్‌లో ఒక వంతెన మీద ఆగిపోయిన ఒకావిడ కారుకు సాయం చేయబోయి, హ్యాండిల్ దెబ్బకు దవడ విరిగి బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు చనిపోయాడనీ, ఆయన స్నేహితుడైన కాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ చలించి కెటరింగ్‌ను పిలిపించాడనీ. ఇది 1910 చలికాలంలో జరిగిందని చాలా చోట్ల రాశారు. కార్టర్ 1908లోనే పోయాడు. కథకు ఎక్కడో మసాలా పడిందన్నమాట.

కెటరింగ్ కిటుకు ఈనాటి కారులోనూ ఉంది, దాని షరతుతో సహా. సెల్ఫ్ మోటారు కొద్ది సెకన్ల కోసం పుట్టిన వస్తువు. తాళం తిప్పి పట్టుకుని ముప్ఫై సెకన్లు గిరగిరలాడిస్తే వైండింగ్ కాలేది దానికే. ఐదారు సెకన్లలో అందుకోకపోతే వదిలేసి, అర నిమిషమైనా ఆగి మళ్ళీ కొట్టాలి. మూడు నాలుగు సార్లకూ లేవకపోతే తప్పు వేరే చోట ఉంది.

మోటారు చివర చిన్న పళ్ళచక్రం ముందుకు దూకి ఫ్లైవీల్ రింగును పట్టుకుంటుంది, ఇంజను అందుకోగానే వెనక్కి వచ్చేయాలి. ఈ దూకుడు పనిని కుదిర్చినవాడు విన్సెంట్ బెండిక్స్. మన మెకానిక్కులు ఇవాళ్టికీ ఆ చక్రాన్ని ‘బెండిక్స్’ అనే అడిగి కొంటారు. నడుస్తున్న ఇంజనుకు పొరపాటున సెల్ఫ్ కొడితే వినిపించే ఆ కర్ణకఠోరమైన చప్పుడు దాని పళ్ళు అరిగే చప్పుడే.

సెల్ఫ్ మోటారు ఇంజనునే కాదు, గేర్‌లో ఉంటే చక్రాలనూ తిప్పుతుంది. అందుకే గేర్‌లో వదిలేసిన బండి తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది, ఎదుట గోడో మనిషో ఉన్నా. ఆటోమేటిక్ కార్లు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో తప్ప లేవకుండా, కొత్త బళ్ళు చాలావరకు క్లచ్ తొక్కితేనే లేచేలా స్విచ్చు పెట్టింది ఇందుకే. ఆ స్విచ్చుకు అడ్డదారి వైరు వేయించుకోకండి. ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయడం కుదరని పని, ఉత్త ఆయాసం.

ఇక బ్యాటరీ. ఛార్జవుతున్నప్పుడు అది హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో నాలుగు శాతం చేరితే ఆ వాయువు నిప్పురవ్వకే పేలుతుంది. బ్యాటరీ మీద బీడీ వెలుగులో నీళ్ళు చూడకూడదనేది చాదస్తం కాదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. అప్పుడు పాజిటివ్ మీది స్పానర్ బాడీకి తగిలినా మెరుపు రాదు. ఇంకో కారు నుంచి కరెంటు తెచ్చుకునేటప్పుడు నల్ల వైరు చివరి కొసను పడిపోయిన బ్యాటరీకి కాక, దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాలి. టెర్మినళ్ళకు పట్టిన చిలుమును తినేసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక వ్యాస్‌లిన్ రాస్తే సరి. మూతలున్న బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు పోస్తే రేకులకు చేటు.

అమెరికా పుస్తకాలన్నీ చలికాలం గురించి భయపెడతాయి. మన దగ్గర బ్యాటరీ ఆయుష్షు తినేది రెంటచింతల, రామగుండం ఎండ. వేడికి నీరు ఇగిరి, లోపలి సీసం తొందరగా పాడవుతుంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన అమరరాజా సంస్థ తిరుపతి పక్క కరకంబాడిలో అమరాన్ బ్యాటరీలు చేస్తున్నది ఇలాంటి ఎండల మధ్యనే. ఏ కంపెనీదైనా, రాత్రంతా కదలని బండిలో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. పాతది గుజరీకి వేయకుండా కొత్తది కొన్న షాపులోనే ఇవ్వండి, సీసం విషం.

సెల్ఫ్ రాకముందు అమెరికాలో విద్యుత్ కార్లకు గిరాకీ ఉండేది, హ్యాండిల్ తిప్పే పని లేదు గనుక. ఫోర్డ్ భార్య క్లారా నడిపింది కూడా బ్యాటరీ కారే. కెటరింగ్ మీట వాటి బేరం పోగొట్టింది. ఇప్పుడవి తిరిగొచ్చినా, చాలా వాటిలో తలుపులను, కంప్యూటర్లను మేల్కొల్పేది ఇంకా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. కొత్త బండి తెచ్చుకునేటప్పుడు అది ఎక్కడుందో షోరూములోనే అడిగి చూసుకోండి.